పారబోసిన సాంబారు

తొమ్మిదో నంబరు బెడ్ ఖాళీగా ఉంది.

దుప్పటి మడత పెట్టి ఉంది. దిండు మీద ఆసుపత్రి వాళ్లిచ్చిన నీలం గౌను. మంచం కింద చెప్పులు లేవు. చేతికి పెట్టిన ఐ.వి. సూది మాత్రం దూదిలో చుట్టి కిటికీ గట్టు మీద ఉంది.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ హేమావతి ఆ దూదిని వంగి చూసింది.

"ఎవరికీ గుచ్చుకోకుండా పెట్టి పోయాడు. తొందరలో పోయిన మనిషి కాదు," అంది.

"ఎత్తుకపోయినోళ్లే పెట్టినారేమో మేడమ్?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ తిప్పేష్.

"అదీ కావచ్చు."

హేమావతి దేన్నీ కాదనదు, దేన్నీ నమ్మదు. టీకొట్టులో గ్లాసు అంచు వెలుతురుకు పట్టి చూడందే నోట పెట్టని మనిషి. అనంతపురంలో ఆమెకు మిత్రులు తక్కువంటే ఆశ్చర్యం లేదు.

కనపడకుండా పోయిన మనిషి పేరు ఆంజినప్ప. వయసు యాభై రెండు. కంబదూరు దగ్గర పల్లెలో శెనక్కాయ రైతు. జబ్బు, క్లోమంలో క్యాన్సర్. మరునాడు ఉదయం ఎనిమిదింటికి ఆపరేషన్. అదీ రోబోతో.

కళ్యాణదుర్గం రోడ్డులోని ఆ ప్రైవేటు ఆసుపత్రికి రోబో వచ్చి ఏడాదయింది. ఇంతవరకూ చిన్నచిన్న ఆపరేషన్లే చేశారు. ఇంత పెద్దది ఇదే మొదటిది. దానికోసమే బెంగళూరు నుంచి సర్జన్ వంశీకృష్ణ వచ్చాడు.

"రేపు చేయకపోతే ఏమవుతుంది డాక్టర్?" అని అడిగింది హేమావతి.

"నేను మళ్లీ రావడానికి నెల పైనే పడుతుంది. కణితి పక్కనే పెద్ద రక్తనాళం ఉంది. ఈ రోజుకి దాన్ని అంటుకోలేదు. నెలాగితే అంటుకోవచ్చు. అంటుకున్నాక రోబో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే."

"అంటే రేపు చేస్తే బతుకుతాడు."

"బతికే అవకాశం ఉంది. రేపటి వరకే అది నా చేతిలో ఉంది."

"ఆయన్ని మాయం చేస్తే ఎవరికి లాభం?"

డాక్టర్ చేదుగా నవ్వాడు. "ఈ మిషన్ ఫెయిలైందని వినాలని కాచుకున్న ఆసుపత్రులు ఊళ్లో ఉన్నాయి. ఇంకెవరిని అనమంటారు?"

సీసీ కెమెరా ఫుటేజ్ చూశారు. ఉదయం 5.20. వెనక గేటు. తలకు తువాలు చుట్టుకుని ఆంజినప్ప ఒక్కడే నడిచి వస్తున్నాడు. పక్కన ఎవరూ లేరు. గేటు దగ్గర ఆగి వార్డు వైపు ఒకసారి చూశాడు. బస్టాండు దారి పట్టాడు.

"కిడ్నాప్ కాదు మేడమ్," అన్నాడు తిప్పేష్ కాస్త నిరుత్సాహంగా.

"మోసుకుపోతేనే కిడ్నాపా తిప్పేష్? చెవిలో ఊది పంపించినా అంతే."

వరండాలో ఆంజినప్ప భార్య నల్లమ్మ నేల మీద కూర్చుని ఉంది. పోలీసు డ్రెస్సు చూడగానే లేచింది.

"ఆ మిషనుకు జడిసే పోయినాడమ్మా! నాలుగు చేతులుండాయి దానికి. డాక్టరేమో మూలన కూర్చుంటాడంట. మనిషి చెయ్యి పడనిది అదేం ఆపరేషను?"

"జడిశానని ఆయన చెప్పాడా?"

నల్లమ్మ తడబడింది. "నోరిడిసి చెప్పల్యా. చేయించుకుంటాననే అన్యాడు."

"ఏం చేస్తారని చెప్పారు ఆయనకి?"

"పైత్యం దిగే దావ మూసుకపోయింది, తెరుస్తారని చెప్పినాం. ఆయప్పకు ఏ మాటైనా మేమే చెప్తాం, మీరేం చెప్పొద్దండి అని డాక్టరు సారును కూడా అడుక్కున్యాం." కొంగుతో ముఖం తుడుచుకుంది. "రాత్రి నా పక్కనే పండుకున్యాడు. ఒక్క మాట చెప్పి పోగూడదా?"

ఏడుపు నిజమే అనిపించింది. నిజంగా ఏడుస్తూనే అబద్ధం చెప్పిన వాళ్లను హేమావతి చాలామందిని చూసింది.

"మీ తమ్ముడు ఎక్కడ?"

నల్లమ్మకూ తెలియదు. తమ్ముడు జయరాం తెల్లారకముందే బైకు తీసుకుని పోయాడు. ఫోను ఎత్తడం లేదు. నిన్న సాయంత్రం ఇదే వరండాలో, 'మా బావను మిషను చేతికి ఇచ్చేది లే' అని అరిచి గొడవ చేసింది అతనే.

తిప్పేష్ కళ్లు మెరిశాయి. "దొరికినాడు మేడమ్."

ఎనిమిదిన్నరకు జయరాం తనంతట తనే వచ్చాడు. వెనక ఇద్దరు మనుషులు. హేమావతి అతన్ని లిఫ్ట్ దగ్గరే ఆపింది.

"యాడికి పోయినావ్?"

"పని ఉండె."

"ఏం పని?"

"చెప్పాల్నా?"

"మీ బావ కనపడటం లేదు."

జయరాం మొహం పాలిపోయింది. "ఏం మాట్లాడతాండావ్ మేడమ్? నేను పోయేటప్పుడు పండుకోనుండె!"

"పని ఏందో చెప్పు."

అతను అక్క వైపు చూసి గొంతు తగ్గించాడు. "రక్తం కావల్లన్యారు. ఊరికి పోయి ఇద్దరిని పిల్చకొస్తి. రక్తం మాట వింటే మా యక్క ఇంకా బెదురుతాది. అందుకే చెప్పల్యా."

"నిన్న ఆపరేషనే వద్దని అరిచావు."

"అరిస్తి. భయమై అరిస్తి. అంతమాత్రాన బావ సావాలనుకుంటానా?"

ఇద్దరు మనుషులూ అప్పటికే చొక్కా చేతులు పైకి మడుచుకుంటున్నారు. తిప్పేష్ మొహం వాడింది.

అప్పుడే ఆపరేషన్ థియేటర్ వైపు నుంచి ఓ మనిషి గబగబా వచ్చాడు. నెత్తిన పచ్చ టోపీ. రోబో టెక్నీషియన్ హరినాథ్. వజ్రకరూరు వాడు. చెన్నైలో ట్రైనింగ్ అయి వచ్చాడు. రోబో చేతులకు పరికరాలు బిగించేదీ, విప్పేదీ, తుడిచేదీ అతనే.

"ఆంజినప్ప లేడా మేడమ్? ఎప్పుడు పోయినాడు?"

"తెల్లారుజామున."

"పరగడుపునే పోయినాడా? ఏమన్నా తిని పోయినాడా?"

"తెలియదు. ఎందుకు?"

"ఊరికేనే మేడమ్. నీరసంతో యాడన్నా పడిపోతాడేమోనని." టోపీ తీసి చేతిలో నలిపాడు. "ఆయన కోసమే మిషన్‌ను నాలుగు దినాలుగా రెడీ చేస్తాండా. ఈ కేసు కావల్ల మేడమ్. ఎట్లన్నా ఎతకండి."

హేమావతి తలూపి వార్డులోకి నడిచింది.

వార్డు నర్సు నిఖిత పడక సర్దుతోంది. నోట్లో మాట నిలిచే రకం కాదు. పోలీసులకు అలాంటి వాళ్లు దొరకడం అదృష్టం.

"మంచి పేషెంట్ మేడమ్. సతాయించడు. తిండే సరిగ్గా తినడు, పాపం ఆకలి లేదు."

"ఎలా తెలుసు?"

నిఖిత మంచం పక్కనున్న చెత్తబుట్ట జరిపింది. లోపల ముడేసిన ప్లాస్టిక్ కవరు. "చూడండి. నిన్న రాత్రి సాంబారు, కూర, ఊరగాయ అన్నీ ఇందులో పారబోశాడు. మొన్న కూడా ఇంతే."

"అన్నం?"

"అన్నం కనపడలేదు. పాలు అడిగి పోయించుకున్నాడు."

క్యాంటీన్ వాళ్లు ప్లేటుతో ఇచ్చే చిన్న ఉప్పు పొట్లాలు సొరుగులో పడి ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు. హేమావతి వాటిని వేలితో కదిపింది. ఆమె మొహంలో ఏదో మారింది. తిప్పేష్‌కు ఆ మార్పు తెలుసు. ఇక టీ దొరకదని దాని అర్థం.

"ఆయన దగ్గరికి ఎవరెవరు వస్తారమ్మా?"

"ఇంటివాళ్లే. డాక్టర్ గారు. ఆ, హరినాథ్ కూడా. పొద్దున్నే వచ్చి ధైర్యం చెప్పి పోతుంటాడు."

"ఎంత పొద్దున్నే?"

"నా నైట్ డ్యూటీ దిగకముందే మేడమ్. చీకటితోనే."

"నిన్న ఆంజినప్పకు ఏమైనా విశేషం జరిగిందా?"

"రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. కామెర్లు దిగిపోయాయని సార్ భుజం తట్టి చెప్పారు. ఎంత సంతోషపడ్డాడో! అద్దం అడిగి కళ్లు చూసుకున్నాడు."

హేమావతి కవరు ముడి బిగించి చేతిలోకి తీసుకుంది.

"అందర్నీ ఈ గదికి పిలువు తిప్పేష్. హరినాథ్‌ను కూడా."

పది నిమిషాల్లో అందరూ ఖాళీ మంచం చుట్టూ నిలబడ్డారు. హేమావతి సాంబారు కవరును కిటికీ గట్టు మీద, దూది పక్కన పెట్టింది. తలుపు మూసింది.

"ఇవాళ నన్ను కలిసిన వాళ్లంతా రెండే అడిగారు. ఎక్కడికి పోయాడు? ఎవరు తీసుకుపోయారు? ఒక్కరు మాత్రం ఆయన పరగడుపున పోయాడా, తిని పోయాడా అని అడిగారు."

ఆమె కవరును డాక్టర్ వైపు జరిపింది.

"డాక్టర్ గారూ, ఈ కవరులో ఏముంది?"

"సాంబారు. ఆకలి లేకపోవడం ఈ జబ్బులో మామూలే."

"ఆకలి లేని మనిషి అన్నం వదిలేస్తాడు. ఈయన అన్నం మెతుకు మిగల్చలేదు. ఉప్పు, పులుపు, నూనె, కారం తగిలినవే పారబోశాడు. పాలు పోసుకుని చప్పిడి అన్నం తిన్నాడు. నల్లమ్మా, మన పక్క ఇట్ల ఎవరు తింటారు?"

నల్లమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "పసరు తాగినోళ్లు," అంది గొణుగుతున్నట్టు. "కామెర్లకు పసరు తాగి పథ్యం ఉండేటోళ్లు. అయ్యో దేవుడా, నేను యా పసరూ ఇయ్యల్యా!"

"తెలుసు. పసరు పరగడుపున, తెల్లారకముందు తాగాలి. తెల్లారకముందు ఈ మంచం దగ్గరికి వచ్చేది ఒక్కరే."

హరినాథ్ చేతిలో టోపీ కింద పడింది.

డాక్టర్ వంశీకృష్ణ నమ్మలేనట్టు చూశాడు. "హరినాథ్? ఈ ఆపరేషన్ జరగాలని నాకంటే ఎక్కువ కోరుకున్నది అతనే!"

"అందుకే ఇచ్చాడు," అంది హేమావతి. "చెప్పు హరినాథ్."

హరినాథ్ వంగి టోపీ తీసుకున్నాడు. "కామెర్లు దిగకుంటే ఆపరేషన్ వాయిదా అన్యారు కదా సార్. ఏడాది నుంచి ఇంత పెద్ద కేసు కోసం చూస్తాంటి. మా అవ్వ బయమ్మ నేల ఉసిరి పసరు ఇస్తాది. చుట్టుపక్కల ఊర్లన్నీ ఆమె తావకే వస్తాయి. రెండు దినాలు తెచ్చి, అక్క నిద్ర లేవకముందే తాపిస్తి."

"పైత్యనాళంలో గొట్టం వేశాం కదయ్యా!" డాక్టర్ అరిచినంత పని చేశాడు. "వేసి రెండు వారాలైంది. దానికే దిగుతోంది. నీకు తెలియదా?"

"తెలుసు సార్. గొట్టమూ ఉండాది, పసరు కూడా పడితే ఇంకా బిరీన దిగుతాదనుకుంటి."

చెన్నైలో ఇచ్చిన సర్టిఫికెట్ అతని జేబు మీద ఫొటోతో సహా వేలాడుతోంది. జాలి పడాలో, లాగి ఒకటి ఇవ్వాలో హేమావతికి తెలియలేదు.

"మూడో మోతాదు?"

"అది అవ్వ చేత్తోనే తాగల్ల. ఆమె తలకు పోసి పథ్యం ఇడిపిస్తాది. ఆపరేషన్ అయినాక పోదామంటి. ఒక్కడే పోతాడని కల్లో కూడా అనుకోల్యా."

"ఊరు?"

"వజ్రకరూరు దాటినాక మా పల్లె. నేనే వస్తా మేడమ్."

"నన్ను అడిగినప్పుడే చెప్పాల్సింది. నువ్వు నోరు మూసుకున్న ఈ అరగంటలో ఆయన ఎండకు పడిపోయి ఉంటే?"

జయరాం హరినాథ్ కాలర్ పట్టుకోబోయాడు. హేమావతి అడ్డు నిలబడింది.

"ఆగు జయరాం. పసరు ఒక్కటే అయితే మీ బావ పోయేవాడు కాదు. తనకు క్యాన్సర్ అని ఆయనకు ఎవరు చెప్పారు?"

జయరాం చెయ్యి దించి అక్క వైపు చూశాడు.

"ఎవరూ చెప్పలేదు. ఆయనకు తెలిసిన రోగం కామెర్లు. తాగిన మందు పసరు. నిన్న కామెర్లు పోయాయని సాక్షాత్తూ డాక్టరే భుజం తట్టి చెప్పాడు. రోగం పోయాక కడుపు కోయించుకోవడానికి ఆయనేం పిచ్చివాడా? మిగిలిన మోతాదు తాగేసి సేద్యానికి పోదామనుకున్నాడు. మీరంతా కలిసి చెప్పిందాన్ని బట్టి చూస్తే, మీ అందరిలో సరిగ్గా ఆలోచించింది ఆంజినప్ప ఒక్కడే."

డాక్టర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వాళ్లు బతిమాలారు. నేనూ ఒప్పుకున్నాను. నాది తప్పే," అన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "ఆ మూడో మోతాదు పడకూడదు మేడమ్. తాగిన రెండూ కాలేయాన్ని ఏం చేశాయో చూడాలి. మళ్లీ పరీక్షలు చేయందే మత్తు ఇవ్వలేం."

జీపు ఉరవకొండ రోడ్డు పట్టింది. ముందు హేమావతి, వెనక నల్లమ్మ, హరినాథ్. మొన్న పడిన తొలి వానకు నేల పైపైనే తడిసి అప్పుడే ఎండిపోయింది. వజ్రకరూరు పొలాల్లో జనం వంగి వజ్రాల కోసం రాళ్లు వెతుకుతున్నారు. నల్లమ్మ కంటికి అవేవీ ఆనలేదు.

"నేనెట్ల చెప్పేది మేడమ్? ఆ పేరు వింటానే గుండె ఆగిపోతే?"

"నేను చెప్పనా?"

నల్లమ్మ కొంగు నడుముకు బిగించింది. "వద్దు. నేనే చెప్తా."

బయమ్మ ఇంటి అరుగు మీద ఆంజినప్ప కూర్చుని ఉన్నాడు. కళ్లు తెల్లగా ఉన్నాయి, మొహం పీక్కుపోయి ఉంది. పక్కన ఖాళీ ఇత్తడి గ్లాసు. హేమావతి దాన్ని తీసి వాసన చూసింది.

"తాగావా?"

"ఇంకా లేదమ్మా. అవ్వ ఆకుకు పోయింది. వాన లేక దగ్గర్లో మొలవల్యా, వంక దాటి పోవల్లంట." పోలీసుల వెనక భార్యను చూసి లేచాడు. "ఎందుకే ఇంతమందిని ఎంటేసుకొస్తివి? నాకు నయమైపాయ. కండ్లు చూడు. ఎట్లుండాయో చూడు."

నల్లమ్మ ఆయన ఎదురుగా కింద కూర్చుంది.

"నీకు కామెర్లు కాదు."

"మరి?"

"క్యాన్సరు. కడుపు లోపల, ఎన్నెముక తావ గడ్డ ఉండాది. ఆ గడ్డ అదిమితే కామెర్లు వచ్చినాయి. గొట్టమేస్తే అవి దిగినాయి. గడ్డ ఆడనే ఉండాది."

ఆంజినప్ప మళ్లీ అరుగు మీద కూర్చున్నాడు. అరుగు కింద కోడి ఒకటి నేల గీరుతోంది.

"నీకెప్పుడు తెలుసు?"

"నెలాయ."

"నెలంతా నా పక్కన పండుకుని, ఇది కడుపులో పెట్టుకోని ఉంటివా?"

నల్లమ్మ అప్పటిదాకా బిగపట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటపడింది. ఆంజినప్ప అరుగు దిగి ఆమె తల మీద చెయ్యి వేశాడు. హేమావతి మొహం పక్కకు తిప్పుకుంది. పోలీసు ఉద్యోగంలో చూడకూడనివి చాలా చూసింది గానీ, ఇలా చూడలేక మొహం తిప్పుకోవడం తక్కువ.

హరినాథ్ ముందుకు వచ్చాడు. "అన్నా, తప్పు నాది. నా పసరుకు దిగలే. దిగేది దిగుతాంటే మధ్యలో నేను దూరినా."

ఆంజినప్ప అతన్ని కోపంగా చూడలేదు. "ఒకటి చెప్పప్పా. ఆ మిషను దానికదే కోస్తాదా?"

"లేదన్నా. అదేం చెయ్యదు. డాక్టరు సారు ఏలు కదిలిస్తేనే అది కదులుతాది. కడుపంతా కొయ్యకుండా ఏలెడు రంధ్రాల్లోంచి లోపలికి పోతాది. మనిషి చెయ్యి వణుకుతాది, అది వణకదు. అంతే తేడా."

"నువ్వు ఆడ ఉంటావా?"

"సార్ ఉండనిస్తే ఉంటా."

బయమ్మ ఒడిలో ఆకుతో వచ్చింది. గుమిగూడిన జనాన్నీ, మనవడి మొహాన్నీ చూసింది. సంగతి విని ఒడిలో ఆకంతా అరుగు మీద కుమ్మరించింది. "గడ్డని నాకెందుకు చెప్పల్యారా? గడ్డకు నా తావ మందు లే," అంది మనవడితో.

ఆంజినప్ప ఆ ఆకును పక్కకు జరిపాడు.

"అవ్వా, ఇంత ఉప్పు తే," అన్నాడు.

బయమ్మ లోపలికి పోయి చిప్పలో కల్లుప్పు తెచ్చింది. ఆంజినప్ప ఒక రాయి తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. పథ్యం విడిచాడు.

"పదండి," అన్నాడు.

పరీక్షలన్నీ మళ్లీ చేశారు. దేవుడి దయ, పసరు చెరుపేమీ చేయలేదు. ఆపరేషన్ ఒక రోజు ఆలస్యమైంది. డాక్టర్ బెంగళూరులో పనులు రద్దు చేసుకుని ఉండిపోయాడు. ఈసారి ఆంజినప్పకు ఆయనే మంచం మీద కూర్చుని, బొమ్మ గీసి, జబ్బు పేరుతో సహా అంతా చెప్పాడు. పగలంతా థియేటర్లో ఎర్ర దీపం వెలిగింది. హరినాథ్‌కు మెమో ఇచ్చారు, కానీ ఆ రోజు రోబో పక్కన నిలబడనిచ్చారు. సాయంత్రం డాక్టర్ బయటికి వచ్చి, రక్తనాళం జోలికి పోకుండా గడ్డ పూర్తిగా వచ్చేసిందని చెప్పాడు. ఇంకా కీమో ఉంటుందన్నాడు. జయరాం గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వారం దాటాక హేమావతి కేసు మూసే కాగితం మీద సంతకం కోసం వచ్చింది. తొమ్మిదో నంబరు బెడ్ మీద ఆంజినప్ప దిండుకు ఆనుకుని ఉన్నాడు. నల్లమ్మ మొదటిసారి గంజి తాపిస్తోంది.

ఆయన రెండో స్పూను మింగి మొహం చిట్లించాడు.

నల్లమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఏమాయ? నొప్పా?"

"ఉప్పు చాలల్యా," అన్నాడు ఆంజినప్ప.